రెండోసారి వెళ్ళిన క్యాంపుకు లెక్క ఉండాలి

ఉద్దానం పల్లెల్లో సెలవు రోజుల్లో ఉచిత వైద్య క్యాంపులకు వెళ్ళి నేను నేర్చుకున్న వైద్యానికి నా రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితాల్లో చోటు లేదు. విశాఖపట్నంలో హోటల్ హాల్లో కూర్చుని విన్న ఉపన్యాసాలకు మాత్రం ఉంది. ఈ పద్ధతి మారాలని చాలా కాలంగా అనుకుంటున్నాను, తోటి డాక్టర్లతో వాదిస్తున్నాను. ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మన దేశంలో వైద్యుల నిరంతర విద్యకు సంబంధించిన నియమాలు ప్రస్తుతం సగం రాసి ఆపేసిన స్థితిలో ఉన్నాయి. ఎప్పుడో ఒకప్పుడు వాటిని మళ్ళీ రాయక తప్పదు. రాసేవాళ్ళకు ఈ మాట ముందే చేరాలి.

తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నైతిక నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ అయిదేళ్ళలో కనీసం 30 గంటలు వృత్తి సంస్థలు నిర్వహించే విద్యా సమావేశాల్లో పాల్గొనాలి. మేము వీటిని సీఎంఈ అంటాం, వచ్చే లెక్కను క్రెడిట్ అవర్స్ అంటాం. 2023 ఆగస్టులో, ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమాలు ప్రకటించింది, అదే నెలలో వాటిని నిలిపివేసి 2002 నాటి వాటినే మళ్ళీ అమల్లోకి తెచ్చింది. కాబట్టి ఇరవై ఏళ్ళు దాటిన ఆ వాక్యమే ఇంకా మమ్మల్ని నడుపుతోంది. అందులో ఉన్నది సమావేశాల ఊసే.

అయిదేళ్ళకు 30 గంటలంటే ఏడాదికి ఆరు గంటలు. ఇది ఎవరికీ మోయలేని బరువు కాదు, తగ్గించమని నేను అడగడం లేదు. ఆ గంటలు ఎక్కడ గడిపితే చదువైనట్టు ఒప్పుకుంటున్నాం అన్నదే నా ప్రశ్న.

సమావేశాల మీద నాకు చిన్నచూపు లేదు. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందు, షుగరు లేనివారిలో కూడా కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందని 2020లో పెద్ద పరిశోధన ఒకటి తేల్చింది. ఆ సంగతి నాకు సీఎంఈలోనే తెలిసింది. ఒక నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ వైద్య నిపుణుడు, గ్రాఫు చూపిస్తూ, ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో విడమరిచి చెప్పాడు. పల్లెలో పదేళ్ళు తిరిగినా అది తెలిసే అవకాశం లేదు. కొత్త విజ్ఞానం కావాలంటే హాల్లో కూర్చోవాలి, లేదా జర్నల్ చదవాలి. అందుకే మొత్తం 30 గంటలనూ స్వచ్ఛంద సేవతో నింపుకోనివ్వమంటే నేనే ఒప్పుకోను.

కానీ హాలు నేర్పలేనివి కొన్ని ఉన్నాయి. అవి నాకు ఉద్దానంలో తెలిశాయి.

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న తోటల నేల. కొబ్బరి, జీడిమామిడి, పనస. అంత పచ్చటి చోట దశాబ్దాలుగా మనుషుల కిడ్నీలు పాడైపోతున్నాయి. మామూలుగా కిడ్నీ జబ్బుకు షుగరో బీపీయో మూలంగా ఉంటుంది. ఇక్కడ చాలామంది రోగులకు ఆ రెండూ ఉండవు. నీటిలోని సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో ఒంట్లో నీరంతా ఇంకిపోయేలా చేసే పని అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా కష్టం చేసే పేదలకే వస్తోంది.

క్యాంపులో జరిగేది ఇలా ఉంటుంది. జీడితోటలో పనిచేసే నలభై ఏళ్ళ మనిషి వచ్చి కూర్చుంటాడు. బీపీ 124/80. కాళ్ళకు వాపు లేదు, ముఖం ఉబ్బలేదు. మూత్రంలో ముంచి తీసిన పట్టీ రంగు మారదు, అంటే ప్రొటీన్ పోవడం లేదన్నమాట. నగరంలో రద్దీగా ఉండే ఓపీలో అయితే ఇంతవరకూ చూసి కిడ్నీలు బాగున్నాయనుకుని తర్వాతి రోగిని పిలుస్తారు. ఇతని రక్తంలో మాత్రం క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, 2.4 వచ్చింది. సగానికి పైగా పనితనం పోయిన కిడ్నీలవి. ఈ జబ్బు వడపోత గుచ్ఛాల కంటే వాటి తర్వాత ఉండే సన్నటి నాళికలనూ, చుట్టూ ఉన్న కణజాలాన్నీ ముందు దెబ్బతీస్తుంది కాబట్టి ప్రొటీన్ పెద్దగా కారదు. నాళికలు దెబ్బతింటే ఇలా ఉంటుందని ఎంబీబీఎస్ చదివిన అందరికీ తెలుసు. ఆ తెలిసింది చేతికి రావడం వేరు. ఉద్దానం వెళ్ళినప్పటి నుంచి విశాఖలో నా దగ్గరికి శ్రీకాకుళం జిల్లా తోటల నుంచి ఎవరు వచ్చినా, ఏ బాధతో వచ్చినా, మూత్ర పరీక్షతో సరిపెట్టకుండా క్రియాటినిన్ కూడా రాస్తున్నాను. కొందరిలో జబ్బు తొలి దశలోనే దొరికింది.

ఇంకో పాఠం అక్కడి ఆశా కార్యకర్త నేర్పింది. నేను ప్రతి ఒక్కరినీ "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడుగుతున్నాను, అందరూ లేదంటున్నారు. కాసేపు చూసి ఆవిడ నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "డాక్టరమ్మా, అలా అడిగితే లేదనే అంటారు. ఒళ్ళు నొప్పులకు ఏం వేసుకుంటారని అడగండి." తర్వాత వచ్చినతన్ని అలాగే అడిగాను. "తోట నుంచి వచ్చాక రోజూ ఒకటి వేసుకుంటానమ్మా, లేకపోతే నిద్ర పట్టదు" అంటూ చొక్కా జేబులోంచి మాత్రల షీటు ముక్క తీశాడు. డైక్లోఫెనాక్. కిరాణా కొట్లో కొన్నాడట. రోజంతా ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తక్కువ తాగి, సాయంత్రం ఆ మాత్ర వేసుకుంటే అప్పటికే బలహీనపడిన కిడ్నీకి అంతకంటే హాని ఇంకోటి ఉండదు. ఆ ఒక్క ప్రశ్న మార్చినందుకు నా ఓపీలో ఎంతమంది నుంచి అసలు సంగతి బయటికి వచ్చిందో చెప్పలేను. ఏ సీఎంఈలోనూ ఈ ప్రశ్న ఎలా అడగాలో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగింది ఆశా కార్యకర్తే. ఆమెను వేదిక మీదికి పిలిచిన సమావేశాన్ని నేను ఇంతవరకూ చూడలేదు.

మరి ఇది చదువా, సేవా? రెండూ. రెండూ ఒకే గంటలో జరిగాయి. ఒక వైద్యురాలి పనితీరు మారిందంటే, ఆ మార్పు రోగికి మేలు చేసిందంటే, నిరంతర విద్య అన్న మాటకు అంతకంటే అర్థం ఏముంటుంది?

విచిత్రం ఏమిటంటే, ఈ సూత్రాన్ని మన వైద్య విద్య విద్యార్థుల విషయంలో ఎప్పుడో ఒప్పుకుంది. ఇప్పుడు ఎంబీబీఎస్ విద్యార్థులు కుటుంబ దత్తత కార్యక్రమం కింద ఊళ్ళో కొన్ని కుటుంబాలను ఎంచుకుని, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వెళ్ళి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించాలి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. పల్లె నేర్పుతుందని, జిల్లా ఆసుపత్రి నేర్పుతుందని జాతీయ వైద్య కమిషనే చెబుతోంది. అదే మనిషి పట్టా పుచ్చుకుని రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకున్న మరునాటి నుంచి పల్లెలో నేర్చుకున్నది ఎందుకు లెక్కకు రాకుండా పోతుందో నాకు అర్థం కాదు.

బయట దేశాల్లో ఈ విషయాన్ని రకరకాలుగా తేల్చుకున్నారు. అమెరికాలోని ఫ్లోరిడా చట్టం, వృత్తి మండళ్ళు కావాలనుకుంటే నిరంతర విద్య గంటల్లో 25 శాతం వరకు పేదలకు చేసిన ఉచిత సేవతో పూర్తి చేసుకోనివ్వవచ్చని చెబుతుంది. న్యూయార్క్‌లో లాయర్లు పేదల కేసులు ఉచితంగా వాదిస్తే ప్రతి రెండు గంటలకు ఒక క్రెడిట్ వస్తుంది, దానికీ ఒక పరిమితి ఉంది. రెండుకు ఒకటి అన్న ఆ నిష్పత్తి నాకు నచ్చింది. సేవలో గడిచిన ప్రతి నిమిషమూ చదువు కాదని, అలాగని చదువు లేకుండానూ పోదని అందులో ఒప్పుకోలు ఉంది.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది బ్రిటన్ పద్ధతి. అక్కడ ఫిజియోథెరపిస్టులు, పారామెడిక్‌లు వంటివారిని నియంత్రించే మండలి, గంటలు లెక్కపెట్టదు. నిరంతర విద్యగా చూపించదగిన పనుల జాబితాలో స్వచ్ఛంద సేవను కూడా పెట్టింది. రెన్యువల్ సమయంలో ఒక్కో వృత్తి నుంచి 2.5 శాతం మందిని యాదృచ్ఛికంగా ఎంచి, నువ్వు ఏం నేర్చుకున్నావు, దాని వల్ల నీ రోగులకు ఏం మేలు జరిగిందో రాసి చూపించమంటుంది. నర్సుల పద్ధతి వేరు. మూడేళ్ళలో 35 గంటల నిరంతర విద్య, దానితో పాటు అయిదు స్వీయ సమీక్షలు. మా పెద్దమ్మ మనవరాలు అక్కడ నర్సు. ఆ ఫారం నాకు చూపించింది. అందులో ప్రశ్నలు నాలుగే. ఏ అనుభవం గురించి రాస్తున్నావు? దాని నుంచి ఏం నేర్చుకున్నావు? నీ పని ఎలా మార్చుకున్నావు? ఇది మీ వృత్తి నియమావళికి ఎలా సంబంధిస్తుంది? పైన నేను రాసిన జీడితోట మనిషి కథ ఆ నాలుగు గడుల్లో సరిగ్గా ఇమిడిపోతుంది. మూడు రోజుల సదస్సుకు వెళ్ళివచ్చిన చాలామంది మూడో గడి నింపలేరు.

ఇక ఎదురు వాదనల సంగతి. తేలికైనవి ముందు చెప్తాను.

సేవకు పాయింట్లు అడగడం సేవను చిన్నబుచ్చడమేనని పెద్దలు కొందరు అంటారు. వాళ్ళంటే నాకు గౌరవం ఉంది. ఏమీ ఆశించకుండా జీవితమంతా చేసినవాళ్ళు వాళ్ళు. కానీ క్రెడిట్ అవర్ అనేది జీతమూ కాదు, సన్మానమూ కాదు. నేను ఇంకా నేర్చుకుంటున్నానని రోగికి నేను చూపించే లెక్క అది. నిజంగా నేర్చుకున్నది చూపించడంలో ఆశ ఏముంది? పైగా దీన్ని పట్టణంలో స్థిరపడినవారి కళ్ళతో మాత్రమే చూడకూడదు. ఏజెన్సీలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు ఒక సదస్సుకు రావాలంటే రెండు రోజులు ఊరు వదలాలి, ఆ రెండు రోజులూ అక్కడ డాక్టరు ఉండరు. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రయాణం, బస అన్నీ సొంత డబ్బే. అదే డాక్టరు సెలవు రోజున పక్క ఊళ్ళో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధికి పరీక్షలు చేయించి, ఆ కుటుంబాలకు ఓపిగ్గా నచ్చజెబితే లెక్కలో సున్నా.

దొంగ సర్టిఫికెట్లు వస్తాయంటారు. వస్తాయి. ఇప్పుడు రావడం లేదా? ఉదయం హాజరు వేసి మధ్యాహ్నానికి ఊరు చూడటానికి వెళ్ళిపోయినవారి ఫైల్లో కూడా పూర్తి గంటలు ఉంటాయి. ఈ సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మోసం భయం నిజమే అయితే అది రెండు చోట్లా నిజం. దానికి మందు తనిఖీ.

బరువైన అభ్యంతరం వేరే ఉంది. నన్ను నిజంగా ఆలోచింపజేసినది అదే. పాయింట్ల కోసం డాక్టర్లు పల్లెల మీద పడితే పేదలు మా చదువుకు పనిముట్లు అవుతారు. ఇది ఊహాజనితమైన భయం కాదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా మరణించారు. అది స్వచ్ఛంద సేవ కాదు, ప్రభుత్వ శిబిరం. అయినా మనకు పాఠం అక్కడే ఉంది. క్యాంపులో తలలు లెక్కపెట్టడం మొదలైతే మనిషి కనిపించడం మానేస్తాడు. పాయింట్లు రోగుల సంఖ్యను బట్టి ఇస్తామని ఏ వైద్య కౌన్సిలైనా అంటే ఆ ప్రతిపాదనకు మొదటి వ్యతిరేక ఓటు నాది.

ఉద్దానంలోనే దీని చిన్న రూపం చూశాను. అరవై దాటిన ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. అంతకుముందు వచ్చిన ఏదో క్యాంపులో రాసిన చీటీ పైన ఉంది. బీపీకి రెండు మందులు కలిసిన ఖరీదైన బ్రాండు ఒకటి, నెల రోజులకు. శాంపిల్ షీట్లు అక్కడే ఇచ్చారట. నెల అయ్యాక అవి అయిపోయాయి. పీహెచ్‌సీకి వెళ్తే ఆ పేరుతో మందు లేదు. అక్కడ బీపీకే వాడే అమ్లోడిపిన్ ఉంది, కానీ అది వేరే మందు అనుకుని ఆవిడ తీసుకోలేదు. "మళ్ళీ వస్తామన్నారమ్మా, రాలేదు" అంది. ఏడెనిమిది నెలలుగా ఆవిడ ఏ మందూ వేసుకోలేదు, బీపీ 180 దాటింది. ఆ క్యాంపులో ఆవిడను చూసిన డాక్టరుకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టి అతను ఆ క్యాంపు నుంచి ఏమీ నేర్చుకోలేదు. వచ్చే క్యాంపులోనూ అదే బ్రాండు రాస్తాడు.

నా ఆలోచన ఇక్కడే ఒక కొలిక్కి వచ్చింది. వైద్యం నేర్పేది రోగిని చూడటం ఒక్కటే అయితే మొదటి క్యాంపుతో సరిపోయేది. కానీ మనం చేసిన వైద్యం ఏమైందో చూసినప్పుడే అది మనకు పాఠం అవుతుంది. జీడితోట మనిషి నొప్పి మాత్రలు మానేశాడు, ఎండలోకి నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. కొన్ని నెలల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు అతని క్రియాటినిన్ 1.9కి దిగింది. అతనిలాగే అన్నీ పాటించిన మరో ఇద్దరికి మాత్రం పెరిగింది. ఒకరిని డయాలసిస్ గురించి ముందే మాట్లాడి పెట్టుకోమని నెఫ్రాలజిస్టు దగ్గరికి పంపాము. ఎవరిలో ఆగుతుంది, ఎవరిలో ఆగదు, ఆగనివారితో ఎప్పుడు ఎలా మాట్లాడాలి అన్నది నాకు రెండో ప్రయాణంలో తెలిసింది. మొదటిసారి తిరిగి వచ్చేటప్పుడు మిగిలింది తృప్తి. రెండోసారి మిగిలింది జ్ఞానం.

అందుకని నా ప్రతిపాదన ఇది. స్వచ్ఛంద సేవను నిరంతర విద్యలో లెక్కించాలి, కానీ మొదటిసారి వెళ్ళినందుకు ఒక్క గంట కూడా ఇవ్వకూడదు. అదే ఊరికి, అదే రోగుల దగ్గరికి తిరిగి వెళ్ళి, ముందు చేసిన వైద్యం ఫలితాన్ని నమోదు చేసినప్పుడే ఇవ్వాలి. ఇలా చేస్తే పేదలు పనిముట్లు అవుతారన్న భయం చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే డాక్టరుకు పాయింట్ వచ్చే దారి, రోగికి మేలు జరిగే దారి ఒకటే అవుతాయి. బ్యానర్ కట్టి, ఫొటో దిగి, వెళ్ళిపోయే క్యాంపులకు ఏమీ రాదు. వాటిని ఎవరూ ఆపనక్కర్లేదు, లెక్కలోకి మాత్రం రావు.

దీనికి కొన్ని హద్దులు కావాలి. 30 గంటల్లో పదికి మించి ఇలా రాకూడదు. మిగతా ఇరవై కొత్త విజ్ఞానానికే ఉండాలి. న్యూయార్క్ లాయర్ల లెక్కన రెండు గంటల పనికి ఒక గంట చాలు. తన రోజువారీ ప్రాక్టీసులో చేయని పని ఏదీ డాక్టరు క్యాంపులో చేయకూడదు, చేస్తే లెక్కలోకి రాకపోగా అది ఫిర్యాదు కావాలి. చర్మ వైద్యుడు క్యాంపులో గుండె మందులు రాయడం నేను చూశాను. మొక్కలు నాటడం, రక్తదానం చేయడం మంచి పనులే, అయినా వాటికి వైద్య విద్య గంటలు ఉండకూడదు. ఈ సదుపాయం డాక్టర్లకే పరిమితం కాకూడదు కూడా. క్యాంపులో రక్తం తీసేది నర్సు, పరీక్ష చేసేది ల్యాబ్ టెక్నీషియన్, మందు ఎలా వాడాలో అర్థమయ్యేలా చెప్పేది ఫార్మసిస్టు. వాళ్ళకు సదస్సులకు వెళ్ళే వీలు మా కంటే తక్కువ.

సంతకం ఎవరు పెట్టాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. క్యాంపు నిర్వహించిన సంస్థ పెడితే ప్రయోజనం లేదు, అది తన క్యాంపును పొగుడుకుంటుంది. ఆ ప్రాంతపు పీహెచ్‌సీ వైద్యాధికారి పెట్టాలి. అప్పుడు వచ్చిన డాక్టరు ముందుగా పీహెచ్‌సీకి వెళ్ళి, అక్కడ ఏ మందులు ఉన్నాయో కనుక్కుని, అవే రాయక తప్పదు. పెద్దావిడ కవరులోని చీటీ లాంటివి అక్కడే ఆగిపోతాయి. వైద్యాధికారికి ఇది అదనపు పని అవుతుందని తెలుసు. అందుకే ఆ పర్యవేక్షణకు అతనికి కూడా గంటలు ఇవ్వాలి.

ఫారం ఒక్క పేజీ ఉంటే చాలు. రోగి పేరు అక్కర్లేదు, నంబరు చాలు. మొదట ఎప్పుడు చూశారు, ఏం చేశారు, మళ్ళీ ఎప్పుడు చూశారు, ఏం మారింది, దాని వల్ల మీ ప్రాక్టీసులో మీరు ఏం మార్చుకున్నారు. మొదట చూసినవారిలో ఎంతమంది రెండోసారి దొరకలేదో, ఎందుకు దొరకలేదో రాయడానికి ఇంకో గడి. చాలామంది వలస వెళ్ళి ఉంటారు, కొందరు పోయి ఉంటారు, కొందరికి మనమీద నమ్మకం పోయి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలిన ఫారాన్ని కౌన్సిల్ వెనక్కి పంపాలి. వచ్చిన ఫారాల్లో కొన్నిటిని బ్రిటన్‌లోలా యాదృచ్ఛికంగా తీసి, పీహెచ్‌సీ రిజిస్టరుతో పోల్చి చూడాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. నియమాలు మళ్ళీ రాసేటప్పుడు "సమావేశాలు" అన్నచోట ఇంకో నాలుగు వాక్యాలు చేర్చితే సరిపోతుంది. అంతవరకూ ఆగలేని రాష్ట్ర కౌన్సిల్ ఏదైనా ఉంటే, ఒక్క జిల్లాలో రెండేళ్ళు నడిపి చూడవచ్చు. శ్రీకాకుళంతో మొదలుపెడితే ఆ ఫారం మొదట నింపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.